ఆస్పత్రిలో మీ వివరాలు మీ అదుపులో: ఓపీ కౌంటర్ నుంచి కేస్ షీట్ కాపీ దాకా

"మా అమ్మ కేస్ షీట్ అడిగితే ఇవ్వం అంటున్నారు, ఏం చేయాలి?" "నా రిపోర్టు మా బావగారి ఫోనుకు వెళ్లింది, ఇక ముందు ఎలా ఆపాలి?" "అభా అనే ఆరోగ్య ఖాతా నంబరు లేకపోతే చూడరా?" విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో ఇవి మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. అందుకే మొత్తం పనిని వరసగా ఒకచోట రాస్తున్నాను.

చాలా ఏళ్లు ఒక ప్రైవేటు ఆస్పత్రి రికార్డుల గదిలో పనిచేశాను. పేషెంట్ల సంగతులు బయటికి పొక్కడం నేను చూసినంతలో దొంగల వల్ల జరగలేదు. కౌంటర్లో తొందరలో చెప్పిన ఎవరిదో ఫోన్ నంబరు, చదవకుండా పెట్టిన సంతకం, జెరాక్స్ మిషన్ మీద మర్చిపోయిన కాగితం, "మేం సొంత మనుషులమేనమ్మా" అని ఫోన్‌లో అడిగితే నమ్మి చెప్పేసిన సిస్టర్. వీటిలో చాలావాటిని పేషెంటు ఇంటివాళ్లే ముందుగా ఆపగలరు.

ఒక మాట మొదటే చెప్పాలి. డాక్టరు దగ్గర ఏదీ దాచొద్దు. తాగుడు అలవాటు, పాత అబార్షన్, నిద్రమాత్రలు, ఆయుర్వేదం పొడులు, అన్నీ చెప్పాలి. మత్తు ఇచ్చే డాక్టరుకు ఇవి తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆయనకు చెప్పిన మాట అక్కర్లేని చెవిన పడకుండా చూసుకోవడం వరకే మన పని.

1. ఇంటి దగ్గర చేయాల్సిన ఏర్పాట్లు

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఫోన్ నంబరు. ల్యాబ్ రిపోర్టు లింకు, బిల్లు, మళ్లీ రమ్మనే మెసేజ్, ఓటీపీ, అన్నీ రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన నంబరుకే వెళతాయి. తోడు వచ్చిన మరిది నంబరో, కారు తోలిన పక్కింటి అబ్బాయి నంబరో రాయిస్తే తర్వాత మూడేళ్లకు వచ్చే రిపోర్టు కూడా వాళ్లకే పోతుంది. పేషెంటు సొంత నంబరు ఇవ్వండి. పెద్దవాళ్లకు ఫోన్ చూడటం రాకపోతే, వాళ్లు ఎవరిని నమ్ముతారో వాళ్లనే అడిగి ఆ ఒక్కరి నంబరు ఇవ్వండి.

రెండోది ఆధార్. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. గుర్తింపు కోసం కాపీ అడిగితే ముందు అదే ఇవ్వండి. ఏ జెరాక్స్ కాపీ ఇచ్చినా దాని మీద అడ్డంగా "ఫలానా ఆస్పత్రిలో అడ్మిషన్ కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి.

మూడోది, ఇంట్లో ఒక్క మనిషిని ఎంచుకోండి. డాక్టరు విషయాలు వివరంగా చెప్పాల్సింది ఆ ఒక్కరికే. మిగతా చుట్టాలకు ఎంత చెప్పాలో ఆ మనిషి చూసుకుంటారు. ఎవరన్నది పేషెంటు నిర్ణయం, ఇంటి పెద్దది కాదు.

సంచిలో ఉండాల్సినవి:

- పాత రిపోర్టుల కాపీలు, ఒరిజినల్స్ వేరే కవర్లో
- వాడుతున్న మందుల పేర్లు, మోతాదు రాసిన చీటీ
- ఆధార్‌లో పేరు ఎలా ఉందో అలాగే రాసుకున్న కాగితం
- బీమా కార్డు లేదా ఎన్టీఆర్ వైద్య సేవకు (రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కావాల్సిన కార్డు
- ఒక పెన్ను, నాలుగు తెల్లకాగితాలు

ఆధార్‌లో పేరు ఎలా ఉందో రాసుకోమన్నది ఊరికే కాదు. మనవాళ్ల పేర్లతో వచ్చే చిక్కు అది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆస్పత్రిలో ఒక్క అక్షరంతో సరిపెడతారు, బీమా కాగితంలో ఇంటిపేరు చివరికి పోతుంది. ఒకే మనిషి మూడు పేర్లతో మూడు ఫైళ్లుగా మారిన కేసులు నా చేతుల మీదుగా వెళ్లాయి. పేరు తేడా వల్ల వేరేవాళ్ల రిపోర్టు మన ఫైల్లోకి వస్తుంది, మనది వాళ్ల దాంట్లోకి పోతుంది.

2. కౌంటర్ దగ్గర

పేరు, వయసు, ఆడా మగా, చిరునామా, ఫోను, అత్యవసరంలో పిలవాల్సిన వ్యక్తి. ఓపీకి ఇవి చాలు. రోగం వివరం అంతా అక్కడ చెప్పనక్కర్లేదు. వెనక క్యూలో పదిమంది ఉన్నప్పుడు "ఏం ప్రాబ్లమండీ?" అని అడిగితే ఈ మాట సరిపోతుంది: "గైనిక్ డాక్టరు గారికి చూపించాలమ్మా, మిగతాది లోపల చెబుతాం."

ఒకసారి ఒక ల్యాబ్ దగ్గర నేను కూర్చుని ఉండగా కౌంటర్ కుర్రాడు అద్దం వెనక నుంచి పేరుతో పాటు "ప్రెగ్నెన్సీ టెస్టు రిపోర్టు" అని గట్టిగా పిలిచాడు. బెంచీల మీద ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు. ఎవరూ లేవలేదు. ఇరవై నిమిషాల తర్వాత జనం పలచబడ్డాక ఒక అమ్మాయి చున్నీ సర్దుకుంటూ వెళ్లి ఆ కవరు తీసుకుంది. ఆ కుర్రాడికి చెడు ఉద్దేశం లేదు, అలా పిలవకూడదని ఎవరూ నేర్పలేదు. శాంపిల్ ఇచ్చేటప్పుడే "టోకెన్ నంబరుతో పిలవండి, టెస్టు పేరు చెప్పొద్దు" అని అడిగితే చాలామంది వెంటనే ఒప్పుకుంటారు.

కొన్ని వివరాలు మాత్రం చట్టం కోసమే అడుగుతారు. గర్భిణికి స్కానింగ్ చేసేటప్పుడు నింపే ఫారం ఎఫ్ అలాంటిదే, కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం అది తప్పనిసరి. దెబ్బలు, యాక్సిడెంటు, విషం లాంటివి మెడికో లీగల్ కేసు అవుతాయి, పోలీసులకు కబురు పెడతారు. ఇలాంటి చోట వాదన పెట్టుకోవద్దు.

3. అభా అడిగితే

అభా అంటే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు. ఇది ఇష్టపూర్వకం. అభా లేదని వైద్యం ఆపడానికి లేదు. ప్రభుత్వాస్పత్రిలో ఓపీ చీటీ కోసం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నప్పుడు కూడా స్కాన్ చేయలేనివాళ్లు మామూలు కౌంటర్‌కు వెళ్లి అడగాలి.

ఉంటే ఉపయోగమే, ముఖ్యంగా ఊళ్లు మారి చూపించుకునే షుగరు, గుండె, కిడ్నీ పేషెంట్లకు. చేయించుకుంటే ఇలా చేయండి:

- మీ సొంత ఫోనుతోనే చేయండి. ఆపరేటర్ నంబరు పెట్టనివ్వొద్దు.
- ఓటీపీ చెప్పే ముందు ఆ మెసేజ్ దేనికి వచ్చిందో చదవండి.
- ఏదైనా ఆస్పత్రి మీ పాత రికార్డులు అడిగితే యాప్‌లో అనుమతి కోరుతూ అభ్యర్థన వస్తుంది. ఏ రకం రికార్డులు, ఏ తేదీల నుంచి, ఎప్పటిదాకా అన్నది అందులో ఉంటుంది. పంటి నొప్పికి వెళ్లినప్పుడు పదేళ్ల చరిత్ర ఇవ్వక్కర్లేదు, తేదీలు తగ్గించండి.
- పని అయిపోయాక అదే యాప్‌లో ఆ అనుమతి రద్దు చేయండి.

4. సంతకం పెట్టే ముందు

అడ్మిషన్ అప్పుడు ఆరేడు కాగితాలు ఒక కట్టగా ఇచ్చి, మూలల్లో టిక్కులు పెట్టి, "ఇక్కడా, ఇక్కడా, ఇక్కడా" అంటారు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు చకచకా పెట్టేస్తారు. ఆ కట్టలో వేర్వేరు రకాల సమ్మతులు కలిసిపోయి ఉంటాయి. విడదీసి చూడాలి.

చికిత్సకు, ఆపరేషన్‌కు, మత్తుకు ఇచ్చే సమ్మతి ఒక రకం. ఇది లేకుండా వైద్యం సాగదు. డాక్టరును అడిగి అర్థం చేసుకుని పెట్టండి.

బీమా కంపెనీకి, దాని తరఫున క్లెయిములు చూసే టీపీఏకి వివరాలు పంపడానికి ఇచ్చేది రెండో రకం. క్యాష్‌లెస్ కావాలంటే ఇది తప్పదు. ఆ క్లెయిముకు ఏ కాగితాలు పంపుతున్నారో ఒక కాపీ అడిగి ఉంచుకోండి, తర్వాత క్లెయిము తిరస్కరిస్తే అదే పనికొస్తుంది.

మూడో రకం దగ్గర ఆగాలి. ఫొటోలు, వీడియోలు, బోధన, పరిశోధన, ప్రచారం కోసం వాడుకుంటామన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇష్టం లేకపోతే ఆ వాక్యం మీద గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, తేదీ వేయండి. దానివల్ల చికిత్స ఆగకూడదు. పేషెంటును గుర్తుపట్టేలా ఉన్న ఫొటోను గానీ కేసు వివరాన్ని గానీ అనుమతి లేకుండా పత్రికలో వేయడం 2002 నాటి వైద్యుల వృత్తి ప్రవర్తన నియమాల్లోని 7.17 ప్రకారం తప్పు.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరితే బెడ్ మీద ఫొటో, డిశ్చార్జి ఫొటో తీస్తారు. అది పథకం పద్ధతి. తీసేవాళ్లు ఎవరు, ఎక్కడికి అప్‌లోడ్ చేస్తారు అన్నది ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. గాయం చూపించడానికి ఒంటి మీద బట్ట ఎంత తీయాలో అంతే తీయమనండి, మొహం అవసరం లేని చోట మొహం రాకుండా చూడమనండి.

ఖాళీ గళ్లున్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. తప్పదంటే ఆ గళ్లలో అడ్డగీత కొట్టి పెట్టండి.

5. పరీక్ష గదిలో, వార్డులో

మగ డాక్టరు ఆడ పేషెంటును పరీక్షించేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉండాలని అడగడం పేషెంటు హక్కు. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. మొహమాటపడొద్దు. తెర లేకపోతే "తెర వేయించండమ్మా" అని సిస్టర్‌తో చెప్పండి.

గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాస్పత్రి), విజయవాడ జీజీహెచ్ లాంటివి మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ఆస్పత్రులు. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు వెంట విద్యార్థులు వస్తారు. వాళ్లు నేర్చుకోవాల్సిందే, రేపటి డాక్టర్లు వాళ్లే. కానీ గుంపుగా పరీక్షించడం ఇబ్బందిగా ఉంటే "ఒకరిద్దరే చూడండి సార్" అని చెప్పొచ్చు. ఆ మాట అన్నందుకు ఎవరూ కసురుకోకూడదు.

భర్త, అత్తగారు, అన్న పక్కనుండగా కొన్ని నిజాలు నోటికి రావు. అలాంటప్పుడు "డాక్టరు గారూ, రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి" అనండి. మంచి డాక్టర్లు తామే బయటికి పంపిస్తారు.

వార్డులో చూసుకోవాల్సినవి:

- కేస్ షీట్ మంచం కాళ్ల దగ్గర ఊరికే వదిలేస్తున్నారా? నర్సుల స్టేషన్‌లో పెట్టమనండి.
- మంచం తలవైపు బోర్డు మీద పేరు, ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు), డాక్టరు పేరు ఉంటే సరిపోతుంది. రోగం పేరు ఉంటే తుడిపించండి.
- ఎక్స్‌రే, గాయం ఫొటో వాట్సాప్‌లో పెద్ద డాక్టరుకు పంపడం ఇప్పుడు మామూలైపోయింది. పంపడం తప్పనలేం, ప్రాణం కాపాడే సందర్భాలూ ఉంటాయి. పేరు, మొహం లేకుండా పంపమని, తర్వాత తీసేయమని అడగండి.
- మన అటెండెంట్లు కూడా పక్క బెడ్ వాళ్లు ఫ్రేములో పడేలా ఫొటోలు తీసి స్టేటస్ పెట్టకూడదు.

6. చుట్టాలు, ఊరివాళ్లు, ఫోన్లు

మన దగ్గర ఇదే అతి కష్టమైన భాగం. ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నారంటే పలకరించకపోతే తప్పు, వచ్చినవాళ్లకు ఏమీ చెప్పకపోతే ఇంకా తప్పు. తెనాలి నుంచి పెదనాన్న వస్తాడు, నేరుగా డ్యూటీ డాక్టరును పట్టుకుని "మావాడి సంగతేంటి?" అంటాడు.

చేరిన రోజే ఒక కాగితం రాసి నర్సుల స్టేషన్‌లో ఇవ్వండి: "పేషెంటు ఫలానా, ఐపీ నంబరు ఫలానా. ఆరోగ్య వివరాలు ఫలానా వ్యక్తికి, ఈ నంబరులో మాత్రమే చెప్పగలరు. ఇతరులకు గానీ ఫోన్‌లో గానీ చెప్పవద్దని మనవి." పేషెంటు సంతకం. దాన్ని కేస్ షీట్‌లో పెట్టమనండి. షిఫ్టు మారినప్పుడు కొత్త సిస్టర్‌కు ఒకసారి గుర్తు చేయండి. ఈ నాలుగు లైన్ల కాగితం చేసే మేలు చట్టం పుస్తకాలు కూడా చేయలేవని నా నమ్మకం.

పలకరించడానికి వచ్చేవాళ్ల కోసం ఇంట్లో అందరూ ఒకే మాట అనుకోండి: "జ్వరం తగ్గింది, రెండు రోజుల్లో పంపిస్తామన్నారు." తలో రకంగా చెబితే ఆరాలు మొదలవుతాయి.

7. ఇంకా గట్టి రక్షణ ఉన్న విషయాలు

హెచ్‌ఐవీ: 2017 నాటి చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. తెలియజెప్పి, ఒప్పుకోలు తీసుకున్నాకే టెస్టు చేయాలి. ఆపరేషన్‌కు ముందు "వైరల్ మార్కర్స్" అని రాసే పరీక్షల్లో ఇదీ ఉంటుంది, కాబట్టి అందులో ఏమేం ఉన్నాయో అడగండి. చికిత్సలో భాగమైన సిబ్బందికి అవసరమైనంత వరకు తెలియొచ్చు. బెడ్‌కు స్టిక్కర్ వేయడం, వార్డు బాయ్‌తో గుసగుసలాడటం కుదరదు.

మానసిక చికిత్స: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 గోప్యత హక్కును, సెక్షన్ 25 రికార్డులు చూసే హక్కును ఇస్తున్నాయి. పెళ్లి సంబంధం వాళ్లు, ఆఫీసువాళ్లు వచ్చి అడిగితే చెప్పే అధికారం ఆస్పత్రికి లేదు.

అబార్షన్: మేజర్ అయిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం చట్టం అడగదు. అడ్మిషన్ రిజిస్టరు మినహా కేస్ షీట్, థియేటర్ రిజిస్టరు లాంటి వాటిలో పేరు బదులు వరుస సంఖ్యే రాయాలి. 2021 సవరణతో వచ్చిన సెక్షన్ 5ఏ ప్రకారం పేరు బయటపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు.

లైంగిక దాడి: బాధితుల గుర్తింపు వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో డాక్టరు పోలీసులకు తెలపడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, అది గోప్యత ఉల్లంఘన కాదు.

టీబీ కూడా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బే. నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో పేరు నమోదు చేశారని కంగారు పడొద్దు, మందులు, పోషకాహార సాయం అందేది దాని ద్వారానే.

8. డిశ్చార్జి రోజు

అందరూ బిల్లు దగ్గర ఉంటారు, సమ్మరీ ఎవరూ చదవరు. ఇంటికి వెళ్లాక తప్పు దొరికితే దిద్దించడానికి తల ప్రాణం తోకకు వస్తుంది. అక్కడే కూర్చుని చూడండి:

- పేరు, వయసు, ఐపీ నంబరు, తేదీలు
- కుడి, ఎడమ. ఇది రెండుసార్లు చూడండి
- పాత జబ్బుల చరిత్ర
- మందులు, ఎన్ని రోజులు
- ఎక్స్‌రే ఫిల్ములు, స్కాన్ సీడీ, బయాప్సీ రిపోర్టు ఎప్పుడు వస్తుందో

పాత జబ్బుల చరిత్రను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో కొడుకును "నాన్నగారికి ఎన్నేళ్లుగా షుగరు?" అని అడుగుతారు. తెలియక "పదేళ్లు ఉండొచ్చు" అంటాడు. అదే సమ్మరీలోకి ఎక్కుతుంది. పాలసీ తీసుకుని మూడేళ్లే అయితే, జబ్బు దాచారని బీమా వాళ్లు క్లెయిము ఆపేస్తారు. సరైన తేదీ చూపించే పాత రిపోర్టు జతచేసి, దిద్దమని చికిత్స చేసిన డాక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. పాత రాతను చెరిపేయమని అడగొద్దు, అది వాళ్లూ చేయకూడదు. తేదీ, సంతకంతో కొత్త సవరణ చేర్చడమే సరైన పద్ధతి.

9. కేస్ షీట్ కాపీ తీసుకోవడం

ముందు నియమం తెలుసుకోండి. 2002 వృత్తి ప్రవర్తన నియమాల్లోని 1.3.1 ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు ఉంచాలి. 1.3.2 ప్రకారం పేషెంటు గానీ, అతను అధికారం ఇచ్చిన వ్యక్తి గానీ అడిగితే అందినట్లు రాసిచ్చి 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోవడం 7.2 కింద దుష్ప్రవర్తన. 2023లో వచ్చిన కొత్త నియమాలను అదే నెలలో నిలిపివేశారు కాబట్టి 2002 నాటివే వర్తిస్తాయి.

నోటితో అడిగితే గడియారం మొదలవదు. రాసివ్వాలి. నమూనా ఇదిగో:

"మెడికల్ సూపరింటెండెంట్ గారికి,
అయ్యా, నేను ఐపీ నంబరు ... కింద ... నుంచి ... వరకు మీ ఆస్పత్రిలో చికిత్స పొందాను. అడ్మిషన్ నోట్స్, రోజువారీ డాక్టరు నోట్స్, నర్సింగ్ చార్టు, మందుల చార్టు, ఆపరేషన్ నోట్స్, మత్తు నోట్స్, సమ్మతి పత్రాలు, పరీక్షల రిపోర్టులు, వివరమైన బిల్లు, వీటి కాపీలు ధ్రువీకరించి ఇవ్వగలరు. 2002 వృత్తి ప్రవర్తన నియమాల్లోని 1.3.2 ప్రకారం 72 గంటల్లో ఇప్పించగలరని మనవి. జెరాక్స్ ఖర్చు చెల్లిస్తాను. ఈ దరఖాస్తు అందినట్లు రెండో ప్రతి మీద సంతకం, ముద్ర, సమయం వేసి ఇవ్వగలరు."

రెండు ప్రతులు తీసుకెళ్లండి. గుర్తింపు కార్డు కాపీ జతచేయండి. వేరేవాళ్లు వెళితే పేషెంటు సంతకంతో అధికార పత్రం, ఇద్దరి గుర్తింపు కాపీలు కావాలి. పేషెంటు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయండి.

వెళ్లాల్సింది రిసెప్షన్‌కు కాదు, ఎంఆర్‌డీ అనే రికార్డుల విభాగానికి. ఉదయం పూట వెళ్లడం మంచిది, మధ్యాహ్నానికి సంతకం పెట్టేవాళ్లు రౌండ్స్‌లోనో మీటింగులోనో ఉంటారు.

అప్పుడు వినిపించే జవాబులు, వాటికి మీ మాట:

"డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చాం కదా." సమ్మరీ రెండు పేజీలు, కేస్ షీట్ వంద పేజీలు ఉండొచ్చు. "పూర్తి ఇన్‌పేషెంట్ రికార్డు అడుగుతున్నానండీ" అనండి.

"కేసు వేస్తారా ఏంటి?" కారణం చెప్పాలన్న నిబంధన లేదు. "రెండో డాక్టరుకు చూపించాలి" అన్నది నిజమైతే చెప్పండి, వాతావరణం తేలికపడుతుంది.

"బిల్లు బాకీ ఉంది." ఆ నియమంలో బాకీకి మినహాయింపు లేదు.

"డాక్టరు గారు ఊళ్లో లేరు." రికార్డు ఆస్పత్రి దగ్గర ఉంటుంది. ఎంఆర్‌డీ ఇవ్వొచ్చు.

దరఖాస్తు తీసుకోకపోతే గొడవ వద్దు. బయటికొచ్చి స్పీడ్ పోస్టులో పంపండి, ఆస్పత్రి ఈమెయిల్‌కు కూడా పంపండి. రసీదు, బట్వాడా వివరం దాచండి.

అవుట్‌పేషెంట్‌గా చూపించుకున్నవాళ్లు మాత్రం ఓపీ చీటీని ప్రాణంలా దాచుకోవాలి. 3 ఏళ్ల నియమం చెప్పేది ఇన్‌పేషెంట్ రికార్డుల గురించి.

ప్రభుత్వాస్పత్రి అయితే ముందు ఇదే దరఖాస్తు సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అక్కడి ప్రజా సమాచార అధికారికి పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. అది మీ సొంత రికార్డు అని రాసి, గుర్తింపు కాపీ జతచేయడం మర్చిపోవద్దు. లేకపోతే మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు.

కాపీ చేతికొచ్చాక పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో అక్కడే చూడండి. ఇక జెరాక్స్ షాపు. విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ ఆస్పత్రుల పక్కనుండే షాపులో మూత ఎత్తితే అద్దం మీద అంతకుముందు వచ్చినవాళ్ల కాగితం కనిపించడం నాకు చాలాసార్లు జరిగింది. ఒకసారి అది ఒకామె మానసిక చికిత్స చీటీ. తీసుకున్న కాపీలతో పాటు అద్దం మీద పేజీ కూడా తీసుకున్నామా, చెడిపోయిన ప్రింటు కింద బుట్టలో పడిందా అన్నది చూడండి. ఫైలును షాపువాళ్ల వాట్సాప్‌కు పంపి ప్రింటు తీయించుకుంటే మీ ఎదురుగా ఆ చాట్‌లోంచి తీసేయించండి.

10. వివరాలు బయటికి పోతే

కోపంలో కౌంటర్ దగ్గర అరిస్తే ఆధారం మాయమవుతుంది. ఈ వరసలో వెళ్లండి.

మొదట రుజువు: స్క్రీన్‌షాట్, తేదీ, ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో. ఫొటో, వీడియో నెట్‌లో తిరుగుతుంటే లింకు రాసుకుని వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి.

తర్వాత ఆస్పత్రికి రాత ఫిర్యాదు. 2011 ఐటీ నియమాల ప్రకారం వైద్య రికార్డులు సున్నితమైన వ్యక్తిగత సమాచారం. ప్రైవేటు ఆస్పత్రి ఫిర్యాదుల అధికారి నెలలోపు పరిష్కరించాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కానీ అందులోని ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అప్పటిదాకా పాత నియమాలనే పట్టుకోవాలి.

ఫిర్యాదులో "మాకు అన్యాయం జరిగింది" అని రాస్తే ఎటూ కదలదు. ఏం పోయింది, ఎప్పుడు, మీకు ఏం కావాలి అన్నవి మూడూ రాయండి: ఫొటో తీసేయడం, నంబరు మార్చడం, ఎవరెవరు చూశారో చెప్పడం, రాతపూర్వక క్షమాపణ.

ఆ పైన, తప్పు ఎవరిదో దాన్నిబట్టి:

- డాక్టరే బయటపెడితే విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికి. 6 నెలల్లో తేల్చాలని నియమం.
- ప్రైవేటు ఆస్పత్రి, ల్యాబ్ తీరు మీద జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి.
- ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవాళ్లు 104కు.
- డబ్బు కట్టిన చోట నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు, రెండేళ్లలోపు. నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు ఇవ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పూర్తిగా ఉచిత వైద్యం ఇచ్చే ప్రభుత్వాస్పత్రులు దీని కిందికి రావు.

11. ఇంట్లో కాగితాలు

ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు. ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, ఇంప్లాంట్ స్టిక్కర్లు, టీకాల కార్డు, అలర్జీ రాసిన కాగితం ఎప్పటికీ ఉంచండి. క్లెయిము, కేసు నడుస్తుంటే ఏదీ పారేయొద్దు. ఫోన్లో తీసుకున్న రిపోర్టుల ఫొటోలు గ్యాలరీలో పెళ్లి ఫొటోల మధ్య వదలకుండా లాక్ ఉన్న ఫోల్డర్‌లో వేయండి.

మిగతావి పాత పేపర్లవాడికి వేస్తారు, అక్కడ జాగ్రత్త. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సాయంత్రం పునుగులు కట్టిచ్చిన పొట్లం విప్పితే నూనె మరకల మధ్య ఒక మనిషి పేరు, వయసు, ఫోన్ నంబరు, కింద క్రియాటినిన్ అంకె కనిపించాయి. ల్యాబ్ రిపోర్టు. ఆ అంకె చూస్తే కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని తెలిసిపోతుంది. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి చింపేశాను.

పారేసే ముందు పైభాగం, అంటే పేరు, ఐపీ నంబరు, ఫోను, బార్‌కోడ్ ఉన్న పట్టీని కత్తిరించి, నీళ్లలో నానబెట్టి ముద్ద చేసి వేయండి. మందుల డబ్బాల మీద అంటించిన పేరు స్టిక్కర్లు, శాంపిల్ డబ్బాల మీద లేబుళ్లు, చేతికి కట్టిన ప్లాస్టిక్ ఐడీ పట్టీ కూడా అలాగే కత్తిరించండి.